కారు రిమోట్ కీలో సెల్లు మార్చుకునే పద్ధతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కారుకు బాగా దగ్గరగా వెళ్తే తప్ప రిమోట్ పనిచెయ్యడం లేదనీ, ఒక్కోసారి రెండు మూడు సార్లు నొక్కాల్సి వస్తోందనీ రాశావు. సెల్లు అడుగంటినప్పుడు కనిపించే లక్షణాలే అవి. అయినా ముందు ఇంట్లో ఉన్న రెండో తాళంతో ఒకసారి చూడు. అది దూరం నుంచి చక్కగా పనిచేస్తే తప్పు చాలావరకు ఈ తాళంలో సెల్లుదే. రెండూ ఒకేలా మొరాయిస్తే రెండింటి సెల్లులూ మార్చి చూడు, అప్పటికీ అంతే అయితే కారు వైపు చూపించుకోవాలి.

కొత్త సెల్లు కొనడానికి ముందే తాళం విప్పి పాతదాని మీద నంబరు చదువు. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్2025 మందం 2.5, సీఆర్2016 మందం 1.6. మూడింటి వెడల్పూ ఒకటే, మూడూ 3 వోల్టులే. అందుకే ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తుంటారు. పలచనిది పెడితే వదులై, తాళం కాస్త కుదిపినా కనెక్షన్ పోతుంది. మందంది దూరిస్తే లోపల సెల్లుకు ఆనుకుని కరెంటు అందుకునే రేకు వంగిపోతుంది. ఛార్జింగ్ చేసుకునే ఎల్ఐఆర్2032 కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. నిండా ఛార్జి చేస్తే 4.2 వోల్టుల దాకా వెళ్తుంది కాబట్టి దాని జోలికి పోకు.

తాళం విప్పడం దగ్గరే నువ్వు తొందరపడకూడదు. స్మార్ట్ కీ (జేబులో ఉంటే చాలు, బటన్‌తో కారు స్టార్టయ్యే రకం) అయితే పక్కనున్న చిన్న మీట జరిపి, లోపల దాగిన ఇనుప తాళంచెవిని బయటికి లాగు. చాలా వాటిలో అది ఉన్న చోటే డొప్ప విప్పే సందు ఉంటుంది. మడత తాళమైతే అంచున నాణెం పట్టేంత గాడి వెతుకు. ఎక్కడైనా స్క్రూ ఉందేమో కూడా చూసుకో. గట్టి ప్లాస్టిక్ ముక్క వాడితే మంచిది. స్క్రూడ్రైవరే దిక్కైతే దాని మొనకు టేపు చుట్టు. సందులో పెట్టి మెల్లగా తిప్పాలి గానీ గునపంలా ఎత్తకూడదు, ఎత్తితే కొక్కేలు విరుగుతాయి. బటన్లు కిందికి ఉండేలా, ఒక గుడ్డ పరిచి దాని మీద విప్పు. అలా అయితే రబ్బరు బటన్లు చెదరవు.

లోపల బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదిగా నల్లటి ముక్క ఒకటి విడిగా కనిపిస్తే జాగ్రత్త, పారేసుకోకు. ఇది తన తాళమేనని కారు గుర్తుపట్టేలా చేసే ట్రాన్స్‌పాండర్ చిప్ కొన్ని తాళాల్లో అలా వేరుగా కూర్చుంటుంది. అది లేకపోతే ఇంజన్ స్టార్టవదు. దానికి సెల్లుతో పనిలేదు, కారు పంపే తరంగాలతోనే మేలుకుంటుంది. రిమోట్ పూర్తిగా చచ్చినా చాలా కార్లు కదిలేది అందుకే. బటన్ స్టార్ట్ కార్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించో, మాన్యువల్‌లో చెప్పిన చోట పెట్టో బటన్ నొక్కాలి.

సెల్లు కదపకముందే ఫోన్‌తో ఫోటో తీసుకో. ప్లస్ గుర్తు కొన్నింటిలో పైకి, కొన్నింటిలో కిందికి ఉంటుంది. ఇనుప పట్టకారుతో తియ్యకు, రెండు ముఖాలకూ ఒకేసారి తగిలి షార్టవుతుంది. రేకు లేని వైపు నుంచి ప్లాస్టిక్ ముక్కతో లేపు. రేకు వైపు నుంచి లేపితే అది పైకి వంగి, కొత్త సెల్లుకు ఆనదు. కొత్తది వేసినా పనిచెయ్యడం లేదంటే నేను ముందు చూసేది ఆ రేకునే. సెల్లు జారుతున్నప్పుడు వేలికి కాస్త బిగువు తెలియాలి. పెట్టాక చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే సెల్లు తీసి, రేకును వెంట్రుకవాసి కిందికి నొక్కు.

కొత్త సెల్లును అంచులతో పట్టుకో. పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసేలా కొన్ని కంపెనీలు సెల్లుపై చేదు పూత వేస్తాయి. ఆ పూత ఒక్కోసారి కరెంటుకు అడ్డం వస్తుంది. స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక పెట్టు. డొప్ప మూసేముందే కారు దగ్గర నొక్కి చూడు. లైటు వెలిగినా తలుపు తెరుచుకోకపోతే కారుతో మళ్లీ జత చెయ్యాలేమో మాన్యువల్‌లో చూడు. ఆ పద్ధతి ఒక్కో కారుకు ఒక్కో రకం. కారుకు దూరంగా కూర్చుని పదేపదే నొక్కకు, నొక్కిన ప్రతిసారీ రిమోట్ కారుకు పంపే రహస్య కోడ్ ముందుకు జరిగి కారుతో లెక్క తప్పవచ్చు. అంచున రబ్బరు సీలు ఉంటే గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, చుట్టూ టిక్కుమనేదాకా నొక్కు.

విప్పి చూస్తే సెల్లు బోర్డుకు టంకంతో అతికించి ఉందనుకో, అక్కడే ఆపి తెలిసినవాళ్ల చేతికివ్వు. సెల్లుకే నేరుగా టంకం పెడితే వేడికి పగిలే ప్రమాదం ఉంది.

పాత సెల్లును బల్ల మీద వదిలెయ్యకు తల్లీ. రిమోట్‌కు చాలని సెల్లులో కూడా పసివాడి గొంతు కాల్చేంత కరెంటు మిగిలి ఉంటుంది. మింగి ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే ఆ పాత సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, తర్వాత పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్.

రెండో తాళంలో సెల్లు కూడా ఇదే వయసుది కదా, అదీ మార్చెయ్. ఆ ఇనుప తాళంచెవితో డ్రైవర్ వైపు తలుపు ఈరోజే ఒకసారి తెరిచి చూసుకో. తాళం రంధ్రం కొన్ని కార్లలో హ్యాండిల్ దగ్గర చిన్న మూత కింద ఉంటుంది.

ఇట్లు,
మామయ్య