తలనొప్పి వస్తే దాచకు, అమ్మలూ

అమ్మలూ,

వచ్చే జనవరిలో ఆఫ్రికాలోని కిలిమంజారో కొండ ఎక్కుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మురిసిపోయాను. నువ్వు తీసుకున్నది అయిదు రోజుల ప్యాకేజీ అనగానే గుండె గుభేలుమంది.

ముందు అది మార్పించు. మరంగు దారిలో అయిదు రోజులంటే డబ్బు మిగులుతుంది గానీ ఒంటికి వ్యవధి ఉండదు. శిఖరం దగ్గర, 5,895 మీటర్ల ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ ఇక్కడిలాగే 21 శాతం. గాలి ఒత్తిడి మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరికి అందేదీ సగమే. దానికి అలవాటు పడడానికి రోజులు కావాలి, కండబలంతో పని కాదు. జిమ్‌లో ఆరితేరిన కుర్రాళ్లే జోరుగా ఎక్కి ముందు పడిపోతుంటారు. మచామె దారిలో ఏడు రోజులు తీసుకో, వీలైతే లెమోషోలో ఎనిమిది. రెండింట్లోనూ 4,600 మీటర్ల దగ్గరున్న లావా టవర్ దాకా ఎక్కించి, అదే సాయంత్రం 3,900 పైచిలుకులో ఉన్న బరాంకో క్యాంపుకు దించి పడుకోబెడతారు. ఎక్కింది వృథా అయిందని గొణక్కు. పగలు ఎత్తు రుచి చూపించి రాత్రి కింద నిద్రపుచ్చడమే అందులో కిటుకు.

కసరత్తు నాలుగు నెలలు. వారానికి నాలుగు రోజులు ముప్పావుగంట, ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంలో. రెండు రోజులు మీ అపార్ట్‌మెంట్ మెట్లు, లిఫ్ట్ మాట మర్చిపో. ఆదివారం ఎనిమిది కిలోల సంచితో ఆరేడు గంటల నడక, అక్కడ వేసుకోబోయే బూట్లతోనే. నెలకోసారి తిరుపతి వచ్చెయ్, అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్కాక బస్సులో దిగావో, ఊరుకోను! శిఖరం తాకిన రోజే సుమారు 2,800 మీటర్లు దిగి మ్వెకా క్యాంపు చేరాలి. తొడలు వణికేదీ, మోకాళ్లు మొరాయించేదీ అక్కడే. ముందురోజు కాలిగోళ్లు కత్తిరించుకో, దిగేటప్పుడు చీలమండ దగ్గర లేసు బిగించు. లేకపోతే వేళ్లు బూటు ముందుకు తన్నుకుని గోళ్లు నల్లబడి ఊడిపోతాయి.

హిమోగ్లోబిన్ పరీక్ష ఈ వారమే చేయించు. 12 కంటే తక్కువుంటే డాక్టరు ఇచ్చే ఐరన్ పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నెలసరి తేదీ ఎత్తులో అటూఇటూ కావచ్చు, ఆ సామాను ఎలాగైనా పెట్టుకో.

ఇక అసలు సంగతి. ఆరో తరగతిలో జ్వరం దాచిపెట్టి తిరుమల మెట్లెక్కి, గాలిగోపురం దగ్గర కూలబడ్డావు. "చెబితే ఇంట్లో వదిలేస్తారుగా అత్తా" అన్నావు, కళ్లనిండా నీళ్లతో. అప్పుడు తిట్టలేకపోయాను, ఇప్పుడు తిడుతున్నాను. ఆ బుద్ధి ఆ కొండ మీద పనికిరాదు. వెనక్కి పంపేస్తారేమోనని తలనొప్పి దాచి పైకెక్కడమే అక్కడ జనం చేసే పెద్ద తప్పు. తలనొప్పితో పాటు వికారం, అన్నం సయించకపోవడం, తల తిరగడం ఉంటే ఎత్తు పడలేదన్నమాట. పారాసిటమాల్ వేసుకో, నీళ్లు తాగు, కానీ తగ్గేదాకా అంతకంటే పైన పడుకోకు. తగ్గకుండా ముదిరితే దిగిపో. రోజూ సాయంత్రం గైడు అడక్కముందే నువ్వే చెప్పు. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టే మిషన్‌లో అంకె బాగుందని మురిసిపోకు, ఒంట్లో ఎలా ఉందన్నదే లెక్క.

రెండు గుర్తులకు మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. గీత మీద మడమకు మడమ ఆనించి పది అడుగులు వేయించినప్పుడు తూలినా, మాట తడబడినా మెదడు వాస్తున్నట్టు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గులాబీ నురగ పడినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టు. ఆక్సిజన్, మందులు ఉంటే ఇస్తారు గానీ దిగడానికి అవి బదులు కావు. అర్ధరాత్రయినా సరే కిందికి. తూలుతున్న మనిషికి తాను తూలుతున్నట్టు తెలియదు, అందుకే పక్కన నడిచేవాళ్లతో ముందే మాట అనుకో: వాళ్లు దిగమంటే వాదించకూడదని.

ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడానికి వేసుకునే మాత్ర డయామాక్స్, దాని సంగతి డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఒంటేలు ఎక్కువ వస్తుంది. ఇంట్లోనే రెండు రోజులు వేసుకుని చూడు, అక్కడ కంగారుపడవు. నిద్రమాత్రలు, మద్యం జోలికి మాత్రం పోకు.

శిఖరం ఎక్కేది అర్ధరాత్రి, మైనస్ పదికి దిగువన చలిలో. సీసా తలకిందులుగా పెట్టుకో, మంచు పైభాగాన కడుతుంది కాబట్టి మూత బిగుసుకోదు. గొట్టంతో తాగే సంచిని నమ్ముకోకు, గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. ఫోను లోపలి జేబులో. ఒంటికి ఆనే బట్ట నూలు వద్దు, చెమటకు తడిసి గడ్డకట్టిస్తుంది. అన్నం సయించదు, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి, పల్లీ చిక్కీ నేను సర్దిస్తాను. వాళ్లు "పొలే పొలే" అంటారు, మెల్లగా మెల్లగా అని. అంత మెల్లగా నడవడం సిగ్గనిపిస్తుంది, నడువు.

నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందని నువ్వు మీ నాన్నతో వాదించావట. ఆమె వయసు చూశావు, భువనగిరి బండల మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో పడ్డ నెలల కష్టం చూడలేదు.

ఇన్సూరెన్సు కాగితంలో 6,000 మీటర్ల దాకా ఎక్కడం, హెలికాప్టర్ ఉన్నాయో లేదో చూడు. రక్త పరీక్ష రిపోర్టు రాగానే నాకు పంపు, మీ నాన్నకు కాదు, అతను అంకెలు చూసి ఊరికే బెంబేలు పడతాడు.

మీ అత్త