ఈ ఏడాది నేర్చుకున్న పాఠం: ఇంటి లెక్కలు అమ్మకి కూడా తెలిసుండాలి

ఏడాది అయిపోవస్తోంది కదా, ఈ 2025 మీకు నేర్పిన జీవిత పాఠాలు ఏంటి అని ఇక్కడ ఒకరు అడిగారు. చాలామంది ఆరోగ్యం, స్నేహితులు, ఉద్యోగం గురించి రాశారు, అన్నీ చదివాను, బాగున్నాయి. నాకైతే ఒకటే పాఠం, అది మా నాయన పోయాక వచ్చింది. ఇంట్లో డబ్బుల సంగతి, కాయితాల సంగతి అందరూ బాగున్నప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకి అంతా తెలిసుండాలి. ఇది తెలియక మా అమ్మ ఎంత నలిగిపోయిందో దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన పల్లె. నిమ్మతోట, కాస్త మాగాణి. నేను పెళ్లయ్యాక నెల్లూరులోనే ఉంటున్నా, అన్న చెన్నైలో ఉద్యోగం. మార్చి నెలాఖర్లో నాయన గుండెపోటుతో పోయాడు. పొద్దున్నే తోటకి నీళ్లు పెట్టొచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి, నెల్లూరు ఆస్పత్రికి తీసుకొచ్చేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నాయన లెక్కల్లో బో నిక్కచ్చి మనిషి. ఒక రూళ్ల నోట్‌బుక్ ఉండేది, బీరువాలో పంచెల కింద. ముందు వైపు నుంచి తోట ఖర్చులు, ఎరువులు, కూలీలు, మోటారు రిపేరు. వెనక వైపు నుంచి చేబదుళ్లు. అయితే అన్నీ పొట్టి రాతలే. ఒక చోట "కొ.పా. బావ 20" అని ఉంటుంది. ఆ 20 వేలా, ఇచ్చిందా తీసుకుందా, ఎవరీ కొ.పా. బావ? నేనూ అన్నా పేజీలు తిప్పి తిప్పి తలలు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు అమ్మ వచ్చి మా పక్కన కూర్చుని, కొత్తపాళెం బావరా, కూతురి పెళ్లికి చీరలు కొనేదానికి వచ్చినప్పుడు తీసుకున్నాడు, ఇరవై వేలు, నేనే కాఫీ ఇచ్చా అనింది. ఇంకో పేజీ చూపిస్తే అదీ చెప్పింది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ అవసరానికి తీసుకున్నారో, ఆ రోజు వాళ్లింట్లో ఏం కష్టముందో అన్నీ ఆమెకి గుర్తే. కానీ నోటు రాయించుకున్నాడా లేదా, వడ్డీ ఎంత, ఎంత తిరిగొచ్చింది, ఇవేవీ తెలీవు. మనుషులేమో అమ్మకి తెలుసు, అంకెలేమో నాయనకి తెలుసు. నలభై ఏళ్ల సంసారంలో ఈ రెండూ ఒక్క రోజు కూడా ఒక చోట కూర్చోలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మా పల్లెల్లో ఏ ఇంట్లో చూసినా ఇంతే. డబ్బుల విషయం ఆడవాళ్లకెందుకు అని నాయన ఎప్పుడూ అన్లేదు, నేను చూసుకుంటా గదా అన్నాడు అంతే, ఆమె కూడా అది ప్రేమే అనుకునింది, ప్రేమే కూడా.

బ్యాంకు దగ్గర అసలు కష్టం మొదలైంది. ఖాతా నాయన ఒక్కడి పేరు మీదే ఉంది. నామినీ ఎవరంటే మా నాయనమ్మ, ఆమె పోయి చాలా ఏళ్లయింది. పెళ్లికి ముందు తెరిచిన ఖాతా కాబట్టి అప్పుడు తల్లి పేరు రాసుంటాడు, తర్వాత దాన్ని మార్చాలని ఎవరికీ తట్టలేదు. అమ్మ అంతకుముందు ఒక్కసారి కూడా ఒంటరిగా బ్యాంకుకి పోయిన మనిషి కాదు. కౌంటర్ దగ్గర నిలబడి, ఆయన సంతకం లేకుండా ఇస్తారా సార్ అని అడుగుతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

ఎవరికైనా పనికొస్తుందని కాయితాల సంగతి చెప్తా. మనిషి పోయిన 21 రోజుల్లోపు పంచాయతీలో మరణం నమోదు చేయిస్తే ఇబ్బంది ఉండదు, ఆలస్యమైతే తిప్పలు. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసి పెట్టుకోండి, ప్రతి చోటా అడుగుతారు. తర్వాత తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, దానికి గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ అప్లై చేయొచ్చు. నామినీ సరిగ్గా ఉంటే బ్యాంకులో పని తేలిగ్గా అయిపోతుంది, లేకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. ఇంకొకటి, నామినీ అంటే ఆ డబ్బుకి సొంతదారు అని చాలామంది అనుకుంటారు, కాదు. డబ్బు తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషి మాత్రమే, షేర్ల కేసులో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురిదాకా నామినీలు పెట్టుకునే వీలు వచ్చింది, ఎవరికి ఎంత శాతం అని కూడా రాయొచ్చు. మేము అమ్మ కొత్త ఖాతాకి నన్నూ అన్ననీ ఇద్దరినీ పెట్టించాం.

నోట్‌బుక్ అట్ట లోపల ఒక పాత ఖాతా నంబర్ కూడా ఉండింది. నాయన కుర్రవాడప్పుడు గూడూరులో అబ్రకం కంపెనీలో పనిచేశాడు, అప్పటిది. పదేళ్లు కదలికలేని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అయినా వారసులు ఎప్పుడైనా అడగొచ్చు. అలాంటివి వెతకడానికి 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అని ఒక వెబ్‌సైట్ పెట్టింది. అన్న అందులో నాయన పేరు, పాన్ నంబర్ కొట్టి చూస్తే కనపడింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అమ్మ, నన్ను చూసుకోకముందే దాచుకున్న డబ్బు అని చెప్పి ఆ కాయితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

ప్రోనోట్ల సంగతి, అంటే అప్పు తీసుకున్నప్పుడు రాసిచ్చే కాయితాల సంగతి కూడా తెలుసుకోండి. నోటుకి మూడేళ్లే ప్రాణం, మధ్యలో ఎంతో కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. నాయన దగ్గరున్న వాటిలో కొన్ని కాలదోషం పట్టినవే. ఒకాయన నోటుకైతే ఎప్పుడో గడువు దాటిపోయింది, ఆయనకి ఆ సంగతి బాగా తెలుసు కూడా, అయినా వినాయకచవితికి ముందు భార్యతో పాటు వచ్చి అసలు మొత్తం అమ్మ చేతిలో పెట్టి, మీ ఆయన నన్ను ఒక్క మాట అడగలేదమ్మా ఇన్నాళ్లూ అన్నాడు. ఇంకొకాయన అసలు తీసుకోనే లేదన్నాడు. అమ్మ ఆయనతో గొడవ పెట్టుకోవద్దనింది, సరే అని వదిలేశాం.

పొలం గురించి బంధువుల్లో రకరకాల మాటలు నడిచాయి, ఆడపిల్లకి భాగమెందుకని కొందరు, నువ్వు వదులుకోవద్దని ఇంకొందరు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో హక్కు తెచ్చింది, 2005 నుంచి దేశమంతా హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలందరికీ ఉంది. సొంతంగా సంపాదించిన ఆస్తి అయితే, వీలునామా లేకపోతే భార్యకీ పిల్లలకీ, తల్లి బతికుంటే ఆమెకీ సమాన వాటా. మా తోట నాయన సొంతంగా కొన్నదే. నేనూ అన్నా ఒక రాత్రి మిద్దె మీద కూర్చుని ఒకే మాట అనుకున్నాం, తోట మొత్తం అమ్మ పేరు మీదే ఉండాలి, ఆమె బతికినన్నాళ్లూ ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు. నోటిమాట సరిపోదు, మా ఇద్దరి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించి తర్వాత మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు పెట్టుకున్నాం. పొలం ఎవరి పేరు మీదుందో చూపే 1బి రికార్డులో తన పేరు చూపిస్తే అమ్మ, నాకెందుకురా ఇదంతా అంటూనే రెండుసార్లు చదివించుకునింది.

అమ్మ గురించి చెప్పేటప్పుడు పక్క తోట మామ గురించి చెప్పకపోతే పాపం. నిమ్మకి ఎండాకాలమే రేటు, చలికాలంలో అడిగేవాడు కూడా ఉండడు. నాయన పోయింది సరిగ్గా కాయ రేటు పలికే రోజుల్లో. మేమెవ్వరం తోట వైపు చూసే స్థితిలో లేము. మమ్మల్ని పలకరించేదానికి వచ్చినవాళ్లందరూ ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి అన్నారు, మనసులో నుంచే అన్నారు, కానీ ఆ రోజుల్లో ఏం అడగాలో మనకే తెలీదు కదా. మామ అడగలేదు. మా మోటారు ఆయనే వేశాడు, తన కూలీలతోనే మా కాయ కోయించాడు, ఆటోలో పొదలకూరు మార్కెట్‌కి తోలాడు, పెద్దకర్మ ముందు రోజు సాయంత్రం వచ్చి డబ్బూ, మార్కెట్ చీటీలూ అమ్మ ముందు పెట్టాడు. కూలీ, ఆటో ఖర్చు ఏ రోజుకారోజు చీటీ వెనక రాసున్నాయి. మాట్లాడకుండా కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఎవరింట్లో కష్టమొచ్చినా నేను ఏమన్నా కావాలా అని అడగటం మానేశా. అన్నం వండి క్యారేజీ తీసుకుపోతా, లేదంటే వాళ్ల పిల్లల్ని రెండు రోజులు మా ఇంటికి తెచ్చుకుంటా.

ఇప్పుడు అమ్మ తన నోట్‌బుక్ తనే రాస్తోంది. అందులో పొట్టి రాతల్లేవు, ఇంటిపేరుతో సహా పూర్తి పేర్లు, తేదీ, ఎందుకిచ్చిందో కూడా. నెలకోసారి బస్సెక్కి తనే బ్యాంకుకి పోతోంది. మొన్న ఫోన్ చేసి కరెంటు బిల్లు నేనే కట్టేశా అని చెప్తే ఎంత సంతోషం వేసిందో, ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది నాకు.

చివరగా, అడిగినవాళ్ల కోసం ఒక మాట. అమ్మానాన్నల దగ్గర ఈ విషయం ఎలా ఎత్తాలి, వాళ్లేమనుకుంటారో, ఆస్తి కోసం అడిగామనుకుంటారేమో అని అందరికీ భయమే. నేను దసరాకి మా అత్తామామల దగ్గర ఇలా చేశా. వాళ్లవి అడగలేదు. మావే తీసుకుపోయా, మా ఇద్దరి పాస్‌బుక్కులు, ఇన్సూరెన్స్ కాయితాలు, మా ఆయన తీసుకున్న లోన్ వివరాలు, అన్నీ ఒక ఫైల్లో పెట్టి, మామయ్యా రేపు మాకేమన్నా అయితే పిల్లల కోసం మీకు తెలిసుండాలి, ఇవి చూడండి అన్నా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చూశారు, చూసి లేచి లోపలికి పోయి తన ఇనప్పెట్టె తీసుకొచ్చి అత్తయ్యని కూడా పిలిచి పక్కన కూర్చోమన్నారు. ఆ మధ్యాహ్నం అంతా నలుగురం అదే పని. కాబట్టి ముందు మీవి చూపించండి. ఈ సంక్రాంతికి ఎలాగూ ఊరికి పోతారు కదా, పాస్‌బుక్ మొదటి పేజీలో నామినేషన్ రిజిస్టర్డ్ అని ఉందో లేదో చూడండి, ఉంటే ఎవరి పేరో కనుక్కోండి, చూసేటప్పుడు అమ్మని పక్కనే కూర్చోబెట్టుకోండి.