మూడో అంతస్తులో ఏ జాతి కుక్క?

ప్రశ్న: మేము కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో, రెండు పడకగదుల ఇంట్లో ఉంటున్నాము. నేనూ మావారూ ఉద్యోగులం కావడంతో ఉదయం బయలుదేరితే చీకటి పడే వేళకే ఇల్లు చేరుతాము. పగలంతా ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉంటారు. ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఐదో తరగతి చదివే మా అమ్మాయి హస్కీయే కావాలని పట్టుబట్టింది. మావారు చిన్న ఇంటికి పగ్ అయితే సరిపోతుందంటున్నారు. ఏ జాతిని తెచ్చుకోవడం మంచిదో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అపార్ట్‌మెంటు అనగానే కుక్క ఎంత చిన్నదైతే అంత మేలని చాలామంది అనుకుంటారు. మీ విషయంలో ఇంటి వైశాల్యం కన్నా మీ ఊరి ఎండ, పగలు ఇంట్లో ఉండే మీ అత్తగారి ఓపిక ఎక్కువగా చూడవలసినవి.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొన్ని చెమట గ్రంథులున్నా, ఒంటి వేడిని అది ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. లోపలి తడి మీదుగా గాలి వేగంగా ఆడుతున్నప్పుడు ఆ తేమ ఆవిరై చల్లదనం కలుగుతుంది. పగ్, షిట్జు, బుల్‌డాగ్ వంటి నొక్కు మూతి జాతులలో ముక్కు రంధ్రాలు ఇరుకుగా ఉండడం, అంగిలి వెనుక భాగం పొడవై గొంతుకు అడ్డుపడడం సాధారణం. అందువల్ల అవి రొప్పేకొద్దీ గాలి చాలక, ఆ శ్రమకే ఒళ్లు మరింత వేడెక్కి వడదెబ్బకు లోనవుతాయి. పగ్ గురక పెడుతుంటే ముద్దుగా ఉందని నవ్వుకుంటాము గానీ, చాలాసార్లు అది ఊపిరి ఆడకపోవడానికి గుర్తు. 42 డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిపోతే, అలాంటి కుక్కతో మీ అత్తగారు ఒంటరిగా ఏం చేయగలరు? మీవారి ఎంపిక ఇంటికి సరిపోయినా ఊరికి సరిపోదు.

ఇక హస్కీ సంగతి. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన ఆ జాతికి రెండు పొరల బొచ్చుంటుంది. రోజూ చాలినంత పరుగు లేకపోతే ఇంట్లో సామాను కొరికి పోగులు పెడుతుంది. వేసవిలో బొచ్చు గొరిగిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. గొరిగితే చర్మానికి ఎండ నుంచి ఉన్న అడ్డు పోతుంది, తీసేసిన బొచ్చు మునుపటిలా రాకపోవచ్చు కూడా. అమ్మాయికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి, కోపం నా మీదికి మళ్లుతుంది.

మిగతా పేర్లూ మీ చెవిన పడే ఉంటాయి. లాబ్రడార్ నెమ్మదస్తురాలే అయినా పెరిగాక ముప్పై కిలోల దాకా తూగుతుంది. గుమ్మంలో ఎవరినో చూసి ఒక్కసారి ముందుకు లాగితే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నిలదొక్కుకోలేరు. బీగిల్ ఒంటరితనం ఓర్వలేక ఊళ వేస్తే నాలుగు అంతస్తులకూ వినిపిస్తుంది. డాక్స్‌హండ్ పొడవాటి వెన్నుకు మెట్లెక్కడం, దిగడం మంచిది కాదు కనుక లిఫ్టు ఆగిన రోజున దానిని ఎత్తుకోవలసిందే. రాజపాళయం, ముధోల్ ఎండకు తట్టుకుంటాయి గానీ అవి బయలు పొలాల్లో వేటను తరమడానికి పుట్టినవి.

నన్నడిగితే మీ ఇంటికి తగినది ఏడాదిన్నర, రెండేళ్ల వయసున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన నాటు ఆడకుక్క. దాని మూతి పొడవు, బొచ్చు పొట్టి, ఒళ్లు తేలిక. తరతరాలుగా ఈ ఎండలోనే బతికిన జాతి. కుక్కపిల్లనే తేవాలనుకుంటే, పగలు రెండు మూడు గంటలకొకసారి దానిని బయటికి తీసుకెళ్లేవారు మీ ఇంట్లో లేరని గుర్తుంచుకోండి. పెరిగిన కుక్కలో గుణం ముందే తెలుస్తుంది: వీధికుక్కలను చేరదీసేవారి దగ్గరికి అమ్మాయిని రెండు మూడుసార్లు తీసుకెళ్లండి, అత్తగారిని కూడా ఒకసారి కూర్చోబెట్టండి, మీదికి ఎగరకుండా, అన్నం గిన్నె దగ్గర గుర్రుమనకుండా ఉన్నదానినే ఎంచుకోండి. తెల్లటి బొచ్చు కుక్కే కావాలని అమ్మాయి ఏడిస్తే, మన ఊళ్లలో పామరేనియన్ అని అమ్మే ఇండియన్ స్పిట్జ్ ఉంది. ఈ వాతావరణానికి అది అలవాటు పడింది. అయితే కాలింగ్ బెల్ మోగిన ప్రతిసారీ మొరుగుతుంది, బొచ్చును తరచూ దువ్వాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి కనుక, కళ్లు తెరవగానే తెచ్చి అమ్మజూపేవారి దగ్గర కొనకండి.

ఏ కుక్కైనా పొద్దు పొడవకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి నడిపించవలసింది మీ దంపతులే. రోడ్డు మీద అరచేతి వెనుక భాగం ఆనించి, ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ కాలుతాయి. కడప బండలు పరిచిన ఇల్లయితే వేసవిలో అదే చల్లటి పక్క; నున్నటి గ్రానైటు అయితే కాళ్లు జారకుండా రబ్బరు పట్టా వేయండి. మరొకటి అత్తగారికి గట్టిగా చెప్పాలి. ఉదయం ఉగ్గాని తింటూ కాళ్ల దగ్గర కూర్చున్న కుక్కకు ఒక పిడికెడు వేయడం మన ఇళ్లలో మామూలే గానీ, అందులోని ఉల్లిగడ్డ పచ్చిదైనా వేగినదైనా కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది. ఉత్త బొరుగులు నాలుగు వేస్తే నష్టం లేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంఘం కుక్కలను పెంచరాదనీ, లిఫ్టులో ఎక్కించరాదనీ తీర్మానం చేసింది. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎంతమంది ఓటు వేసినా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాస సంఘాలకు లేదు, లిఫ్టు వాడకాన్నీ పూర్తిగా అడ్డుకోరాదు. అయితే ఆ కాగితం చూపి జగడానికి దిగేముందు మీ వైపు లోటు లేకుండా చూసుకోండి. మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆపైన ఏటేటా తప్పకుండా వేయించి ఆ కార్డు దగ్గరుంచుకోండి, నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోండి. లిఫ్టులో, మెట్ల మీద గొలుసు పొట్టిగా పట్టుకోండి, పిల్లలు ఎక్కితే మీరు తరువాతి విడతకు ఆగండి, కుక్క మలాన్ని అక్కడికక్కడే ఎత్తివేయండి. ఇవన్నీ చేస్తున్నట్టు రాసి, టీకా కార్డు, లైసెన్సు నకళ్లు జతచేసి, తీర్మానాన్ని మళ్లీ పరిశీలించమని కార్యదర్శికి అర్జీ ఇవ్వండి.