కిల్లి అంటే చంపేది కాదు, వాగు చేప

ప్రశ్న: మాది చెన్నైకి ఉత్తరాన పొన్నేరి దగ్గర పల్లె. సిమెంటు తొట్లలో గప్పీలు, మోలీలు అనే రంగు చేపలు పెంచి కొళత్తూరు దుకాణాలకు వేస్తుంటాను. ఆన్‌లైన్‌లో కిల్లిఫిష్ గుడ్లని చెప్పి తడి పీచున్న ప్యాకెట్ పంపారు. మీద నోథోబ్రాంకియస్ అని రాసి ఉంది. నీళ్ళలో వేసి పది రోజులైనా ఒక్క పిల్ల రాలేదు. మోసపోయానా? పైగా కిల్లి అంటేనే చంపేదట, గప్పీల దగ్గరికి రానివ్వకు అంటున్నాడు మా తమ్ముడు.

జవాబు: ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. ఇంగ్లీషులో చంపడానికీ ఈ పేరుకూ సంబంధం లేదండీ. డచ్చివాళ్ళ భాషలో కిల్ అంటే వాగు, చిన్న కాలువ. వాళ్ళు అమెరికాలో న్యూయార్క్ ప్రాంతంలో స్థిరపడినప్పుడు అక్కడి వాగులకు ఆ మాట అంటుకుపోయింది, ఆ వాగుల్లో తిరిగే చిన్న చేపలు కిల్లిఫిష్ అయ్యాయి. ఆ డచ్చివాళ్ళే మీ పక్కన పులికాట్‌లో 1613లో కోట కట్టుకున్నారు, కాబట్టి ఈ మాట మీకు మరీ పరాయిదేం కాదు.

ఇక గుడ్ల విషయం. మోసపోయారని ఇప్పుడే అనలేను. కిల్లిఫిష్‌లో 1,200కు పైగా జాతులున్నాయి, మీకొచ్చిన నోథోబ్రాంకియస్ రకం ఆఫ్రికాలో వానాకాలపు గుంటల్లో బతుకుతుంది. గుంట ఎండితే పెద్ద చేపలన్నీ చస్తాయి, బురదలోని గుడ్లు మాత్రం నెలల తరబడి ఆగి మళ్ళీ వాన పడ్డాక పిల్లలవుతాయి. అందుకే వీటిని పీచులో పెట్టి పోస్టులో పంపగలుగుతున్నారు. గుడ్డు లోపల పిల్ల పూర్తిగా తయారు కాకముందే నీళ్ళు పోస్తే ఏమీ రాదు, బహుశా మీకు జరిగింది ఇదే. ఆ పీచును గుడ్డలో వడకట్టి, బీడీ పొగాకంత తేమ మిగిలేలా ఆరబెట్టి, కవర్లో కట్టి తేదీ రాసి నీడలో పెట్టండి. నెలకోసారి భూతద్దంతో చూడండి. తెల్లగా బూజు పట్టినవి పోయినట్టే. గుడ్డులో కళ్ళు స్పష్టంగా కనిపించినప్పుడు వెడల్పాటి డబ్బాలో వేసి కాస్త చల్లటి నీళ్ళు రెండు మూడు అంగుళాలు పోయండి (బోరు నీళ్ళయితే ముందు ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చండి, ఐస్ ముక్కలు వేయకండి). అన్నీ ఒకేసారి రావు. ఒక్క వాన నమ్ముకుని అన్నీ బయటికొస్తే, తర్వాత ఎండ కాస్తే వంశమే పోతుంది కదా, అందుకని కొన్ని గుడ్లు ఆగిపోతాయి. మిగిలిన పీచును పారేయకుండా మళ్ళీ ఆరబెట్టి ఇంకోసారి తడపండి. పిల్లలకు మొదటి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య పిల్లలు) పెట్టాలి, పొడి మేత ముట్టవు.

అయితే అమ్మకానికి నేను దీన్ని సలహా ఇవ్వను. వీటిలో ఫర్జెరి అనే జాతి ఆయుష్షు నాలుగైదు నెలలే, అందుకే ముసలితనం మీద పరిశోధించేవాళ్ళకు అదంటే అంత ఇష్టం, కానీ కొన్న మనిషి రెండు నెలలకే చచ్చిన చేపను పట్టుకొస్తే మీ దుకాణదారు ఊరుకోడు. చెన్నై మే నెల ఎండకు సిమెంటు తొట్టి నీళ్ళు కాగితే ఆ కొద్ది ఆయుష్షూ ఇంకా తరుగుతుంది.

దానికి బదులు గోల్డెన్ వండర్ అనే కిల్లిఫిష్ పెంచి చూడండి. మన దక్షిణాదిలోనే పుట్టిన చారల పాంచాక్స్‌కు ఇది పసుపు రంగు రకం, కొన్నేళ్ళు బతుకుతుంది. దాని దాయాదులు మీ పొలం కాలువలోనే ఉండొచ్చు: నీటి పైపైనే తిరుగుతూ, నెత్తిమీద వెండి చుక్క మెరుస్తూ, దోమ పిల్లల్ని తినే చేప కనిపిస్తే అది పాంచాక్సే. ఒక మగకు రెండు మూడు ఆడవి వేసి, ఊలు దారం కుచ్చు కట్టి తేలేలా వదలండి. గుడ్లు దానికి అంటుకుంటాయి. రోజూ ఏరి వేరే గిన్నెలో వేస్తే రెండు వారాల్లో పొదుగుతాయి, వదిలేస్తే పెద్దవే మింగేస్తాయి. ఇక్కడ మాత్రం మీ తమ్ముడి మాట సగం నిజం: పది సెంటీమీటర్లు పెరిగే ఈ చేపకు గప్పీ పిల్లలంటే పండగే, ఒకే తొట్లో వేయకండి. తొట్టి మీద వల బిగుతుగా కట్టండి. ఇవి ఎగిరి దూకే జాతి, పొద్దున లేచి చూస్తే గట్టు మీద ఎండి ఉంటాయి. నోథోబ్రాంకియస్ పిల్లలు వస్తే వాటిని ఇంట్లో సరదాకి ఉంచుకోండి, కాలువలో మాత్రం వదలొద్దు.