గడ్డకట్టిన ఆహారాన్ని విమానంలో పంపేటప్పుడు, డ్రై ఐస్ వేసిన పెట్టెను గాలి చొరబడకుండా మూయవచ్చా?
మూయకూడదు. డ్రై ఐస్ అంటే ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్. అది మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవం కాకుండా నేరుగా వాయువుగా మారుతుంది కనుక, ఆ వాయువుకు బయటికి పోయే దారి లేకపోతే ఒత్తిడి పెరిగి పెట్టె పగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే థర్మోకోల్ పెట్టె మూతను చుట్టూ టేపుతో బిగించకుండా కొంత సందు వదులుతారు. విమాన రవాణా నిబంధనల ప్రకారం ఇది 9వ తరగతి ప్రమాదకర సరుకు కాబట్టి, ఆ తరగతి లేబుల్‌తో పాటు డ్రై ఐస్‌ను సూచించే యూఎన్ 1845 అనే గుర్తింపు సంఖ్య, డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో పెట్టెపై కనిపించాలి. ఆహారం మైనస్ 18 డిగ్రీల వద్ద నిలవాలంటే ప్రయాణానికే కాక, కస్టమ్స్ తనిఖీలో ఆగే గంటలకూ సరిపడా డ్రై ఐస్ వేయాలి. నిజానికి సరుకుకు అసలు గండం గాలిలో కన్నా నేలమీదే.