ఇంప్లాంటుకు నునుపు అక్కర్లేదా?

ప్రశ్న: కట్టుడు పన్ను నిలపడానికి మా అత్తగారి దవడలో అమర్చబోయే టైటానియం స్క్రూను (ఇంప్లాంటును) కావాలనే గరుకుగా తయారు చేస్తారని బరంపురంలో డాక్టరు గారు చెప్పారు. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసేవారు అద్దంలా మెరిసేదాకా అరగదీస్తారు. ఒంట్లో పెట్టే వస్తువుకు ఆ నునుపు వద్దా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కంటికి నచ్చే నునుపు ఎముక కణానికి నచ్చదు. స్క్రూ లోపలికి వెళ్లగానే రక్తంలోని ప్రోటీన్లు దాని మీద పొరలా పేరుకుంటాయి. కణాలు లోహాన్ని నేరుగా కాక, తమ పైపొరలో కొక్కేల్లా పనిచేసే ఇంటెగ్రిన్లనే ప్రోటీన్ల ద్వారా ఆ పొరను పట్టుకుంటాయి. నున్నని తలం మీద ఎముక కణం పల్చగా పరుచుకుని త్వరత్వరగా విభజన చెందుతుంది. ఇసుక చిమ్మి, ఆమ్లంతో చెక్కిన తలం మీద మాత్రం అది గుంటల అంచులకు అతుక్కుని, ముడుచుకుని గుబురుగా మారుతుంది. ఆకారంతో పాటు కణం లోపల దాన్ని నిలిపి ఉంచే సన్నని పోగుల చట్రపు బిగువు కూడా మారడం వల్ల విభజన తగ్గి, ఎముక పదార్థాన్ని తయారు చేసే పని పెరుగుతుంది. అందుకే సగటున 1 నుంచి 2 మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గరుకుదనాన్ని తయారీదారులు ఎంచుకుంటారు.

అయితే మీ కొమ్ము పనివారిది పూర్తిగా తప్పని అనలేను. పంటి చిగురులో కణజాలపు పోగులను తయారు చేసే ఫైబ్రోబ్లాస్టు కణాలకు నునుపే ఇష్టం, పైగా 0.2 మైక్రోమీటర్లు దాటిన గరుకు మీద పాచి ఎక్కువగా చేరుతుంది. కనుక చిగురును దాటి నోట్లోకి వచ్చే భాగాన్ని సాధారణంగా నునుపుగానే ఉంచుతారు. అత్తగారు అక్కడ శ్రద్ధగా తోముకోవాలి.