స్కాన్ గదిలో ఉద్యోగం, అదీ అమ్మాయికా?

ప్రశ్న: మాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపూర్. కిరాణా కొట్టు నడుపుతాను. మా అన్నయ్యకు క్లోమంలో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ అన్నారు. విశాఖలో గాలియం డోటాటేట్ పెట్ స్కాన్ తీయించాం. అది చాలక ఎఫ్‌డీజీ పెట్ కూడా రాశారు, డబ్బుకేనని నా అనుమానం. స్కాన్ అయ్యాక అన్నయ్యను వారం రోజులు వేరే గదిలో పడుకోబెట్టాం. తోడు వెళ్ళిన మా అమ్మాయి ఇప్పుడు బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చేస్తానంటోంది. ప్లస్ టూలో మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉన్నాయి. నాకు బీటెక్ ఏఐ చదివించాలని ఉంది. రేడియేషన్ అంటే భయం, రేపు పెళ్ళి, పిల్లలు... రెండు కోర్సులూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెప్పమన్నారు గానీ, మీ టెన్షన్ కోర్సుల గురించి కాదని ‘పెళ్ళి, పిల్లలు’ దగ్గరే తెలిసిపోయింది. పర్లాకిమిడి నుంచీ బరంపురం నుంచీ కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది. కొడుకు చేరతానంటే మాత్రం జీతం ఎంతని అడుగుతారు, రేడియేషన్ ఊసెత్తరు.

కాబట్టి ముందు ఆ భయం సంగతి చూద్దాం. మన దేశంలో రేడియేషన్‌తో పనిచేసేవాళ్ళకు అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, పరిమితి పెట్టింది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఛాతీ దగ్గర పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జిని పంపించి, ఎంత పడిందో లెక్క తీయిస్తారు. అమ్మాయి గర్భవతినని చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా పని మార్చాలి. ఇది నిబంధన, ఎవరి దయా కాదు. ఏ ఉద్యోగమూ చేయకపోయినా నేల నుంచీ ఆకాశం నుంచీ ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు పడుతూనే ఉంటాయి. మీకు దూరమేమీ కాని గంజాం జిల్లా ఛత్రపూర్ తీరంలో ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులోని రేడియోధార్మిక థోరియం వల్ల అక్కడ ఇంకా ఎక్కువ. అటువైపు పిల్లల్ని కోడళ్ళుగా చేసుకోవడం ఎవరైనా మానేశారా?

అన్నయ్యగారిని వారం రోజులు వేరుగా పడుకోబెట్టిన సంగతి చదివి బాధేసింది, కోపం కూడా వచ్చింది. స్కాన్ కోసం ఎక్కించే రేడియోధార్మిక గాలియం 68 ప్రతి 68 నిమిషాలకూ సగమైపోతుంది. పొద్దున ఇంజెక్షన్ ఇస్తే రాత్రి భోజనాల వేళకు వెయ్యో వంతు మిగలడమే కష్టం. జబ్బు మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టే ముందు ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది కదండీ! కొన్నాళ్ళు పసిపిల్లలకూ గర్భిణులకూ ఎడంగా ఉండమనేది ఈ గడ్డలకే మందుగా ఇచ్చే లుటీషియం 177 చికిత్స తర్వాత. దాని సగం ఆయుష్షు ఆరున్నర రోజుల పైన.

రెండో స్కాన్ మీద అనుమానం కూడా తీసేయండి. ఈ ట్యూమర్లలో చాలావాటి కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. డోటాటేట్ వెళ్ళి వాటికి అతుక్కుంటే, దాంతో పాటు వెళ్ళిన గాలియం ఆ చోటును స్కానర్‌కు చూపిస్తుంది. గడ్డ దూకుడు పెరిగేకొద్దీ ఆ రిసెప్టర్లు తగ్గి, గ్లూకోజ్ వాడకం ఎక్కువ కావచ్చు. గ్లూకోజ్‌ను పోలిన ఎఫ్‌డీజీ పట్టుకునేది దాన్ని. బయాప్సీ రిపోర్టులో కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే కి-67 అనే అంకె ఎక్కువగా ఉన్నవాళ్ళకు రెండూ తీయడం మామూలే. డోటాటేట్‌లో గట్టిగా వెలిగితే, గాలియం బదులు లుటీషియం తగిలించి అదే చోటికి మందు పంపవచ్చు. సాధారణంగా ఎనిమిది వారాలకొకటి చొప్పున నాలుగు డోసులు. డోటాటేట్‌లో వెలగకుండా ఎఫ్‌డీజీలోనే వెలిగే మచ్చలుంటే ఆలోచన మారిపోతుంది. ఇంతకు మించి నేను చెప్పకూడదు, డాక్టరుగారినే అడగండి.

మీ అమ్మాయి అక్కడ చూసి ఇష్టపడ్డ పని ఏమిటో మీకు తెలుసా? పొద్దున్నే హాట్ ల్యాబ్‌లో, అంటే రేడియోధార్మిక మందులు సిద్ధంచేసే గదిలో, గాలియం పుట్టే జనరేటర్ అనే పరికరంలోకి పలుచని ఆమ్లం పంపి గాలియం దింపాలి. డోటాటేట్ పెప్టైడ్‌తో కలిపి 95 డిగ్రీల దగ్గర వేడిచేయాలి. సరిగ్గా అతికిందో లేదో పరీక్షించాకే, కవచం తొడిగిన సిరంజిలోకి తీయాలి. ఈలోగా గుణుపూర్ నుంచి రావాల్సిన పేషెంటు రైలు రెండు గంటలు లేటయిందనుకోండి, తీసి ఉంచిన మందులో మూడో వంతు కూడా మిగలదు. ఎవర్ని ముందు పంపాలి, ఎవరికి ఎంత ఎక్కించాలి అని డాక్టరుతో కలిసి అప్పటికప్పుడు లెక్క వేసుకోవాలి. లెక్కలూ బయాలజీ రెండూ ఇష్టపడే పిల్లకు ఇది నచ్చిందంటే నాకేమీ వింతగా లేదు.

ఇక ఏఐ. దాని మీద నాకు కోపం లేదు. పాత కంప్యూటర్ బ్రాంచికే కొత్త బోర్డు తగిలించి, చెప్పే లెక్చరర్లు లేకుండానే ఫీజు పెంచే కాలేజీల మీద ఉంది. స్కాన్లు కూడా ఇకముందు ఏఐ చూసేస్తుందట కదా అంటారు. సాయం చేస్తుంది, నిజమే. కానీ డోటాటేట్‌లో ప్లీహం, కిడ్నీలు, పిట్యూటరీ జబ్బు లేకపోయినా వెలుగుతాయి. క్లోమం తల భాగంలో ఒక మూల కూడా కొందరికి ఊరికే వెలుగుతుంది. ఏది జబ్బో ఏది కాదో తేల్చడానికి మనిషి కావాలి, ఆ సాఫ్ట్‌వేర్‌కు నేర్పడానికీ మనిషే కావాలి. ఏఐ అంటే ప్రాణంపెట్టే పిల్లలు హాయిగా వెళ్ళవచ్చు. ‘నాన్న చేర్పించారు’ అంటూ మూడో ఏడాది బ్యాక్‌లాగ్‌లతో నా ముందు కూర్చునే పిల్లల్ని చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను, మీ అమ్మాయిని ఆ వరసలోకి తోయకండి.

అలాగని ఆమె దారి పూలబాట అనను. ఎక్స్‌రే, సీటీ టెక్నీషియన్‌కు చిన్న ఊళ్ళోనూ పని దొరుకుతుంది. పెట్ సెంటర్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి, ఉద్యోగాలూ తక్కువే. విశాఖో, భువనేశ్వరో, హైదరాబాదో వెళ్ళి ఉండాల్సిందే. మొదటి జీతం చూసి మీకు నచ్చకపోవచ్చు. పైగా ఒంట్లోని మందు నుంచి వచ్చే రేడియేషన్‌ను బొమ్మగా తీసే గామా కెమెరా ముఖం చూపించకుండానే డిగ్రీ చేతిలో పెట్టే కాలేజీలున్నాయి. కాలేజీ వాళ్ళను, మీ ఆసుపత్రిలో సొంత న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉందా, ఏఈఆర్‌బీ లైసెన్సు ఏది, హాట్ ల్యాబ్‌లో విద్యార్థులు ఎన్నాళ్ళు పనిచేస్తారు అని అడగండి. నీళ్ళు నమిలారంటే అడ్వాన్సు కట్టకుండా వచ్చేయండి.

ఒడిశాలో చదివిన పిల్లలకు ఆంధ్ర కౌన్సెలింగ్‌లో 85 శాతం లోకల్ సీట్లు అందవు, ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన లోకల్ కారు. అందుకే ఎయిమ్స్ పారామెడికల్ పరీక్ష లాంటి దేశవ్యాప్త పరీక్షలు రాయించండి. ఈ కోర్సు ఏ ఎయిమ్స్‌లో ఉందో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. సీటు రాకపోతే ఫిజిక్స్, కెమిస్ట్రీలతో మామూలు బీఎస్సీ చేయనివ్వండి. ముంబయిలో బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళ రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో డిగ్రీ తర్వాత చేరే కోర్సు ఉంది, దానికి రాయవచ్చు. కాలేజీలు చూడటానికి వెళ్ళేటప్పుడు అమ్మాయినీ తీసుకెళ్ళండి, ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.